ఎంపీ గారు ఎటన్నారు?

జాన్ బాషా వాళ్ల నాన్న బుడే దూది ఏకేవాడు. భుజాన విల్లు వేసుకుని పర్చూరు, ఇంకొల్లు చుట్టుపక్కల పల్లెలన్నీ తిరిగి, ఎవరింటి అరుగు మీదో కూర్చుని, గడ్డకట్టిన పాత పరుపుల్ని విప్పి, దూదిని మళ్లీ నురుగులా చేసి కుట్టిచ్చేవాడు. ఆయన ముందు నడుస్తూ "పరుపులు కుడతాం, దిళ్లు కుడతాం" అని కేకేసే పని చిన్నప్పటి నుంచీ బాషాది. ఆ కేక ఊరి ఈ చివర వేస్తే ఆ చివర మాలపల్లెలో వినపడేదని చెప్పుకునేవాళ్లు.

బుడే పోయాక పరుపుల పని బాషాకే వచ్చింది. కానీ అప్పటికే సంతల్లో రెడీమేడ్ పరుపులు దిగాయి. పని పల్చబడుతున్న రోజుల్లో, తొంభై ఎనిమిది ఎన్నికలప్పుడు, చీరాల నుంచి ప్రచారానికొచ్చిన మైకు మనిషికి రెండో రోజుకే గొంతు పోయింది. పార్టీవాళ్లు దిక్కుతోచక నిలబడితే, టీకొట్టు పేరయ్య "మా బాషాని ఎక్కించండి" అన్నాడు. ఎక్కించారు. అంతే, ఆనాటి నుంచి ఈదరవారిపాలెం బాషా మైకు బాషా అయిపోయాడు. ఎన్నికలు, సినిమాలు, ఎరువుల కొట్లు, తిరనాళ్లు, ఉరుసులు, ఏదైనా సరే. బావమరిది ఖలీల్ ఆటో తోలేవాడు, బాషా వెనక సీట్లో కూర్చుని మాట్లాడేవాడు. ఎవరో రాసిచ్చిన కాగితం చదివే అలవాటు అతనికి లేదు. ఒకసారి చూసుకుని, పక్కన పెట్టి, సందులో నిలబడ్డవాళ్లతో కబుర్లు చెప్పినట్టు చెప్పేవాడు. అందుకే జనం ఆగి వినేవాళ్లు.

అతని స్నేహితుడు యలమంద. ఒకే బళ్లో ఒకే బల్ల మీద కూర్చుని, ఒకే క్లాసులో ఇద్దరూ చదువు మానేశారు. యలమంద సొంత చేను కొంచెమే. మిగతాది కౌలుకు తీసుకుని ఒక ఏడు పత్తి, ఒక ఏడు మిర్చి వేసేవాడు. భార్య రాజ్యం పొలం పనిలో అతనికన్నా ఒక అడుగు ముందుండేది. రెండువేల మూడులో వాళ్లు ఉన్నదంతా మిర్చే వేశారు. విత్తనాల కొట్టువాడు కొత్త రకం ప్యాకెట్ చూపించి, కాయ పొడుగు, రంగు దిగదు, యార్డులో ఎగబడి కొంటారు అన్నాడు.

మొక్కలు నడుమెత్తు పెరిగాయి. అంత పచ్చటి చేను ఊళ్లో ఇంకోటి లేదు. పూత వచ్చింది, రాలింది. మళ్లీ వచ్చింది, మళ్లీ రాలింది. పక్క చేలల్లో కూలీలు రెండో కోతకు దిగుతుంటే యలమంద చేలో వేలెడంత కాయలు అక్కడొకటి, ఇక్కడొకటి. మండలం నుంచి వ్యవసాయాధికారి వచ్చి చూసి, తల ఊపి, రాసుకుని వెళ్లాడు. కొట్టువాడు కంపెనీని అడగమన్నాడు. కంపెనీవాళ్లు వాతావరణాన్ని అడగమన్నంత పని చేశారు.

ఆ మొక్కలు పీకడానికి మనసొప్పక అలాగే ఉంచేశాడు. సరిగ్గా అప్పుడే రెండువేల నాలుగు ఎన్నికలొచ్చాయి.

ఎంపీ అభ్యర్థి సంజీవరావు గారు గుంటూరులో పేరున్న వకీలు. రాజకీయాలకు కొత్త. ఈదరవారిపాలెం వచ్చిన రోజు, మైకు ఆటోలో ఉన్న బాషా చొరవ చేసి, "అయ్యా, ఒక్క చేను చూసి వెళ్లండి, దారిలోనే" అన్నాడు. వెనకున్న నాయకులు టైము లేదన్నారు. సంజీవరావు గారు దిగారు. చెప్పులు గట్టున వదిలి నల్లరేగడిలో నడిచి, చేను మధ్య దాకా వెళ్లి, ఒక మొక్క కొమ్మలు విడదీసి చూశారు. కింద ఆకులు తప్ప ఏమీ లేవు.

"యలమందా, కల్తీ విత్తనం అమ్మినవాడికి ఇప్పుడున్న చట్టంలో పడే శిక్ష దోమకాటంత కూడా ఉండదు. వకీలుని, చెప్తున్నా. నీకు పరిహారం ఇప్పించే దారి అందులో లేదు. కొత్త చట్టం కావాలి. పార్లమెంటుకి వెళితే నా మొదటి పని అదే."

యలమంద చేతులు జోడించాడు. రాజ్యం కొంగుతో మొహం తుడుచుకుంది. ఆ సాయంత్రం నుంచి ప్రచారం ముగిసేదాకా బాషా మైకులో ఇంకేమీ చెప్పలేదు. "మా యలమంద చేలో నిలబడి మాటిచ్చాడమ్మా! నేను పక్కనే ఉన్నా. విత్తన చట్టం తెచ్చే మనిషి, సంజీవరావు గారు!" ఊరూరా అదే. పత్తి గింజ మొలవనివాళ్లూ, మిర్చి కాయనివాళ్లూ ప్రతి ఊళ్లోనూ ఉన్నారు. ఆటో ఆపి మళ్లీ చెప్పమనేవాళ్లు.

సంజీవరావు గారు గెలిచారు.

ఆ ఏడాది చలికాలంలో పేరయ్య కొట్టు దగ్గర పేపరు చదువుతూ బాషా గట్టిగా అరిచాడు. ఢిల్లీలో విత్తన బిల్లు పెట్టారు! టీ గ్లాసు అలాగే వదిలేసి, పేపరు చంకలో పెట్టుకుని యలమంద ఇంటికి పరుగెత్తాడు.

"ఒరేయ్, వచ్చిందిరా! పెద్దల సభలో పెట్టారంట. కమిటీకి పంపారు. అక్కణ్నుంచి మన సంజీవరావు గారి సభకి వస్తుంది. ఆయన చెయ్యెత్తితే అయిపోయినట్టే!"

రాజ్యం ఇద్దరికీ మజ్జిగ ఇచ్చింది. "పోయిన పంటకి పరిహారం రాకపోయినా, ముందుముందు భయముంటుందిగా అన్నా" అంది. ఆ మాట బాషాకి బాగా నచ్చింది.

తర్వాత ఏడాది గడిచింది. కమిటీలోనే ఉందన్నారు. ఇంకో ఏడాది నడుస్తోంది. ఈలోపు యలమంద ఒంగోలులో వినియోగదారుల ఫోరానికి వెళ్లాడు. మందులు మితిమీరి కొట్టడం వల్లే కాపు రాలేదని కంపెనీ వకీలు వాదించాడు. కాదని చూపించడానికి యలమంద దగ్గర ఏమీ లేదు. మొక్కలు ఎప్పుడో ఎండి పొయ్యిలోకి పోయాయి. కేసు పోయింది.

సంజీవరావు గారి పేరు మాత్రం పేపర్లో తరచు వచ్చేది. చీరాల చేనేత పార్కు గురించి మంత్రిని కలిశారు. హైవే మీద వంతెన గురించి మాట్లాడారు. పొగాకు రైతుల గురించి వినతిపత్రం ఇచ్చారు. అవన్నీ మంచివే. విత్తనాల ఊసు మాత్రం ఎక్కడా లేదు. పేరయ్య పేపరు మడుస్తూ, "ఏం బాషా, మన చట్టం ఎక్కడిదాకా వచ్చింది? ఒంగోలు దాటిందా?" అనేవాడు. మొదట్లో అందరితోపాటు బాషా కూడా నవ్వేవాడు. తర్వాత ఆ కొట్టు వైపు పోవడం తగ్గించాడు.

యలమంద నవ్వేవాడు కాదు. "నువ్వు ఆయన్ని ఎరుగుదువుగా. అడగరా" అనేవాడు, కలిసినప్పుడల్లా.

పొన్నూరులో ఒక పెళ్లిలో దొరికారు సంజీవరావు గారు. భోజనాల దగ్గర బాషా అడిగితే, "ఇక్కడ ఏం చెప్తామయ్యా! సమావేశాలప్పుడు నలుగురు రైతుల్ని తీసుకుని ఢిల్లీ రా. వ్యవసాయ మంత్రితో మాట్లాడిస్తా. సభ కూడా చూపిస్తా" అన్నారు, భుజం మీద చెయ్యేసి.

రెండువేల ఆరు చివర్లో బాషా, యలమంద, ఇంకో ముగ్గురు రైతులు చీరాలలో ఢిల్లీ రైలెక్కారు. మంత్రికి చూపిద్దామని యలమంద ఆ ఏడు ఎవరి చేలోనో కాపు పట్టని మొక్కని వేళ్లతో సహా తవ్వి గోనెసంచిలో చుట్టి తెచ్చాడు. ఢిల్లీ చలి సంగతి ఎవరూ చెప్పలేదు. దిగగానే పళ్లు టకటకలాడాయి.

ఎంపీ గారి పీఏ జక్రయ్య స్టేషనుకొచ్చాడు. బాపట్ల వైపు మనిషి, మాట మెత్తన. ఆంధ్రా భవన్‌లో వాళ్లకి భోజనం పెట్టించాడు. "మంత్రి గారు విదేశాలకి వెళ్లారు. ఇంకెప్పుడైనా చూద్దాం. ఇవాళ మాత్రం సభ చూడండి, పాసులు తీశాను" అన్నాడు. యలమంద సంచి వైపు చూశాడు. ఆ సంచిని గేటు దగ్గరే ఉంచెయ్యమన్నారు. చేతిలో ఉన్నవీ జేబులో ఉన్నవీ అన్నీ బయటే. లోపల మాట్లాడకూడదు, లేచి నిలబడకూడదు, ముందుకు వంగి చూడకూడదు. తెల్ల దుస్తుల మనిషి ఒకడు వరస చివర నిలబడి వీళ్లనే చూస్తున్నాడు.

కింద విశాలమైన హాలు. భోజనం వేళ దాటింది. సగానికి పైగా ఖాళీ. ఉన్నవాళ్లలో కొందరు కాగితాలు చూసుకుంటున్నారు, కొందరు పక్కవాళ్లతో మాట్లాడుకుంటున్నారు. జక్రయ్య కళ్లతో చూపించాడు: అటు మూడో వరసలో సంజీవరావు గారు. బాషా అటే చూశాడు. ఎంత దూరమైనా, మన మనిషి.

కాసేపటికి ఆయన లేచారు. కాగితం చూసి ఇంగ్లీషులో చదివారు. బాషా చెవులు రిక్కించి విన్నాడు. అతనికి తెలిసిన మాట ఒక్కటే వినపడింది, "సింగరాయకొండ."

"ఎక్స్‌ప్రెస్ బండి ఆపమని" అని జక్రయ్య గొణిగాడు.

తర్వాత ఎవరో మంత్రి లేచి ఏదో బిల్లు గురించి చెప్పాడు. ఇద్దరు ముగ్గురు మాట్లాడారు. ఎవరూ పెద్దగా వినలేదు. ఎత్తు కుర్చీలో ఉన్న స్పీకరు గారు ఏదో అడిగారు. కింద నుంచి కొన్ని గొంతులు కలిసి ఒక మాటన్నాయి. ఆయన ఇంకోటి అడిగారు. ఒకటి రెండు గొంతులు లేచాయి. ఆయన తల దించి ఏదో ప్రకటించి, కాగితం తిప్పి, తర్వాతి పనిలోకి వెళ్లిపోయారు.

"ఏమైంది?" బాషా గుసగుసగా అడిగాడు.

"బిల్లు పాసైంది."

"ఎప్పుడు? చేతులెత్తలేదే!"

"మూజువాణి ఓటు. ఔననేవాళ్లు ఔనంటారు, కాదనేవాళ్లు కాదంటారు. ఏది ఎక్కువ వినపడిందో అది నెగ్గినట్టు. ఎవరైనా పట్టుబట్టి లెక్క అడిగితే తప్ప పేర్లు రాయరు."

"మనాయన ఎటన్నాడు?"

జక్రయ్య సమాధానం చెప్పేలోపే తెల్ల దుస్తుల మనిషి వచ్చి బాషా భుజం తట్టి, వేలు పెదవుల మీద పెట్టి చూపించాడు. పక్కన యలమంద కింద మూడో వరసనే చూస్తున్నాడు. సంజీవరావు గారి పెదవులు కదిలాయో లేదో ఆ దూరం నుంచి ఎవరికి తెలుస్తుంది?

సాయంత్రం ఆయన క్వార్టర్సులో టీ ఇచ్చారు. వాకిట్లో చిన్న పచ్చిక, అందులో బంతిపూలు. ఆయన కులాసాగానే ఉన్నారు. "బండి ఆపించే దాకా వదలను బాషా" అన్నారు.

యలమంద సంచి విప్పి మొక్కని పచ్చిక మీద పెట్టాడు. దారిలో ఆకులన్నీ రాలి పుల్లలు మిగిలాయి. "అయ్యా, ఇందాక ఓటు పెట్టారు గదా. తమరు ఎటన్నారు?"

సంజీవరావు గారు కనుబొమలు ముడిచారు. "దేనికి?"

"ఏమో నాకేం తెలుసయ్యా. ఏదో బిల్లంట. మధ్యాహ్నం."

ఆయన జక్రయ్య వైపు చూశారు. జక్రయ్య బిల్లు పేరు చెప్పాడు. "ఓ, అదా" అని నవ్వేశారు ఆయన. "అదేం పెద్ద విషయం కాదులే. మనవాళ్లు ఎటంటే అటే."

"విత్తనాలదీ ఇట్టాగే అయిపోద్దా అయ్యా? అరుపుల్తో?"

"అది కమిటీ దాటింది. రిపోర్టు వచ్చింది. ఇక పెద్దల సభలో తేలాలి. చూద్దాం." ఆయన మొక్కని చూశారు, లేచారు. ఎవరో కలవడానికి వచ్చారు.

తిరుగు ప్రయాణమంతా యలమంద కిటికీ దగ్గరే కూర్చున్నాడు. మొక్కని ఎక్కడ వదిలేశాడో బాషా అడగలేదు. చీరాల స్టేషను బయట, ఆటోల దగ్గర అప్పుడు నోరు విప్పాడు.

"నిన్ను తిట్టటం లేదు రా. ఆయన మాటని నువ్వు ఊరూరా మోశావు, ఆయన మోయలేదు. కానీ నేను అడగాలంటే ఎవర్ని అడగాలి? ఆయన ఢిల్లీలో ఉంటాడు. నువ్వు మా సందులో ఉంటావు."

"నేనేం చెయ్యనురా?"

"అదే గదా. నువ్వేం చేస్తావు."

ఆ తర్వాత యలమంద బాషా ఇంటికి రావడం మానేశాడు. ఎదురుపడితే "బాగున్నావా" అనేవాడు. ఒకప్పుడు ఆ ఇద్దరి మధ్య ఆ మాటే ఉండేది కాదు. బాషాకి అన్నం దగ్గర కూడా అదే ఆలోచన. భార్య రహిమున్నీసా ఓపిక పట్టి పట్టి ఒకరోజు, "ఆయన గెలిచిన మనిషి, నువ్వు కేకేసిన మనిషివి. ఆయన చెయ్యని పనికి నువ్వు తిండి మానటం ఏంటి?" అని కోప్పడింది. నిజమే అనిపించింది. కానీ ఆకలి మాత్రం వెయ్యలేదు.

రెండువేల ఎనిమిది వేసవి పోయాక, అమెరికాతో అణు ఒప్పందం గొడవలో ప్రభుత్వం ఉంటుందా పోతుందా అని పార్లమెంటులో బలపరీక్ష జరిగింది. ఊరంతా టీవీల ముందు. పేరయ్య కొట్లో నిలబడటానికి చోటు లేదు. ఆ రోజు ఎవరెవరు ఎటు వేశారో పేరుపేరునా చెప్పుకున్నారు. సంజీవరావు గారు పార్టీ చెప్పినట్టే వేశారు. చీరాలలో ఆయన మనుషులు టపాసులు కాల్చారు. ఊళ్లో ఎవరికీ అర్థం కాని ఒక సంగతి మీద తమ ఎంపీ ఎటు ఓటేశారో ఊరందరికీ తెలిసింది. ఆ ఏడు కూడా రెండు వీధుల అవతల ఒక కౌలు రైతు పత్తి చేను మొలకెత్తకపోతే దున్నేశాడు.

మళ్లీ ఎన్నికలొచ్చాయి. పార్టీవాళ్లు కబురు పెట్టారు. చీరాల గెస్ట్‌హౌస్‌లో సంజీవరావు గారు ఉన్నారు, రమ్మన్నారు. బయల్దేరుతుంటే రహిమున్నీసా అంది: "పోతే పో. కానీ ఈసారి నీ నోట్లోంచి ఏం మాట వస్తుందో నాకు చెప్పి పో." బాషా చెప్పులు వేసుకుంటూ ఆగాడు. రెండో చెప్పు కూడా వేసుకుని వెళ్లిపోయాడు.

సంజీవరావు గారి జుట్టు బాగా నెరిసింది. ఒంటరిగానే ఉన్నారు. బాషా నిలబడే అడిగాడు.

"అయ్యా, విత్తనాల చట్టం."

"ఆ బిల్లు మా సభకి రానేలేదు బాషా. పెద్దల సభలోనే ఉండిపోయింది. రానిదాని మీద నేనెలా ఓటేస్తాను?"

"వచ్చి ఉంటే?"

"పార్టీ ఎటు చెబితే అటు. దాటితే సభ్యత్వం పోతుంది. అదీ చట్టమే."

"మరి ఆ రోజు యలమంద చేలో..."

సంజీవరావు గారు కళ్లజోడు తీసి చాలాసేపు తుడుచుకున్నారు. "ఆ రోజు నేను అబద్ధం చెప్పలేదయ్యా. అక్కడ ఎలా ఉంటుందో నాకూ అప్పటికి తెలీదు."

"పోనీ, లేచి అడగొచ్చుగా? రైలు గురించి అడిగినట్టు? అడిగితే సభ్యత్వం పోదుగా?"

ఆయన కళ్లజోడు మళ్లీ పెట్టుకున్నారు. "అడగొచ్చు" అన్నారు చివరికి. "అడగాల్సింది. రైలు ఆగితే జనం చూస్తారు, దండ వేస్తారు. బిల్లు గురించి మాట్లాడితే ఎవరు చూస్తారు చెప్పు?"

బాషాకి కోపం రాలేదు. అసలు సంగతి ఇన్నాళ్లకి ఒక మనిషి మనిషిలా చెప్పాడనిపించింది. ఆ మెత్తదనంలోనే ప్రచారం చేస్తానని ఒప్పుకుని వచ్చేశాడు.

ఈదరవారిపాలెంలో సభ రోజు పార్టీవాళ్లు అతని చేతిలో రంగు కరపత్రం పెట్టారు. ఎంపీ గారు సాధించినవి. ఈసారి పక్కన పెట్టకుండా ఉన్నదున్నట్టు చదవమన్నారు. బాషా చదివాడు. సింగరాయకొండలో రైలు ఆగడం, వంతెన, మంచినీళ్ల ట్యాంకులు, పొగాకు. ఒక్కొక్కదానికి చప్పట్లు. చివరి వరస: "రైతన్నల కోసం పార్లమెంటులో అలుపెరగని పోరాటం."

బాషా ఆగాడు. మైకులో అతని ఊపిరి వినపడింది. గుంపులో వెనక, రామాలయం గోడకి ఆనుకుని యలమంద నిలబడి ఉన్నాడు.

"అయ్యా" అన్నాడు బాషా, వేదిక మీద కుర్చీ వైపు తిరిగి, మైకు అలాగే పట్టుకుని. "ఇది చదవమన్నారు. ఏ రోజు, ఏ బిల్లు మీద పోరాడారో చెబితే అది కూడా కలిపి చదువుతాను. మావాళ్లు అడుగుతున్నారు. విత్తనాల గురించి మీరు ఒక్కసారన్నా లేచారా?"

ముందు ఒకడు ఈల వేశాడు, వెనక నుంచి ఇంకొందరు "చెప్పమనండి, చెప్పమనండి" అన్నారు. మండల నాయకుడు మెట్లెక్కి వచ్చి బాషా చెయ్యి మెలిపెట్టి మైకు లాక్కున్నాడు. సంజీవరావు గారు ఆ మైకు అందుకుని, "బాషా మనవాడే. చనువు కొద్దీ అడిగాడు" అని నవ్వి, ఢిల్లీలో పనులు ఎంత కష్టమో చాలాసేపు చెప్పారు. ఒక్కసారన్నా లేచారో లేదో మాత్రం చెప్పలేదు. కార్యకర్తలు నాలుగు దెబ్బలేసి దించేసరికి బాషా చొక్కా చిరిగింది. గోడ దగ్గర యలమంద లేడు.

మర్నాడు పొద్దున్నే అవతలి పార్టీవాళ్లు పూలదండతో వచ్చారు. "అన్నా, నువ్వు అడిగిన మాట ఊరూరా అడుగు, చాలు" అన్నారు. ఖలీల్ సంబరపడ్డాడు. "బావా, మంచి తరుణం. నీ మాటకి ఇప్పుడున్న గిరాకీ ఎప్పుడూ లేదు."

బాషా వెళ్లాడు. ఆ రోజు ప్రతి ఊళ్లోనూ జనం విరగబడ్డారు. సంజీవరావు గారిని అడిగిన ప్రశ్నే అడుగుతుంటే ఆడవాళ్లు సైతం చప్పట్లు కొట్టారు. అతనికి ఐదేళ్ల బరువు దిగినట్టనిపించింది. మధ్యాహ్నం ఇంకొల్లు దాటాక ఒక ఊళ్లో, ముసలి రైతు పీరు అనేవాడు మొలవని పత్తి చేను దగ్గరకు అభ్యర్థిని పిలుచుకెళ్లాడు. అభ్యర్థి కుర్రవాడు, రోడ్ల కాంట్రాక్టులు చేసేవాడు. చేలోకి దిగాడు, మట్టి గుప్పిట్లోకి తీసుకున్నాడు.

"బాబాయ్, నేను గెలిస్తే పార్లమెంటులో నా మొదటి పని ఇదే" అన్నాడు.

పీరు చేతులు జోడించాడు. అభ్యర్థి మనుషులు బాషా వైపు చూశారు. ఇది మైకులో చెప్పాల్సిన ఘట్టం. బాషా మైకు నోటి దగ్గరికి తెచ్చుకున్నాడు. "పీరు మామా" అన్నాడు, మైకు కిందకి దించి, "ఎటు ఓటేస్తాడో ముందు అడుగు. పార్టీ వద్దంటే ఏం చేస్తాడో అది కూడా అడుగు."

అభ్యర్థి నవ్వు మొహం అలాగే ఉంచి, పక్కవాళ్లతో, "వీణ్ణి దించెయ్యండిరా" అన్నాడు.

రెండు పార్టీల్లోనూ అతనికి చోటు పోయింది. ఎరువుల కొట్లవాళ్లు కూడా గొడవ మనిషని పిలవడం మానేశారు. ఎన్నికల్లో సంజీవరావు గారు ఓడిపోయారు. అందుకు బాషాయే కారణమని కొందరన్నారు. అది నిజం కాదు. ఆయన ఓడటానికి వేరే కారణాలు చాలా ఉన్నాయి. ఫలితాలొచ్చిన వారానికి జక్రయ్య ఫోను చేశాడు. "సార్ నీ గురించి చెడ్డగా ఏమీ అనలేదు బాషా. 'వాడు అడిగింది సబబే' అన్నారు. నీకు తెలియాలని చెప్తున్నా" అన్నాడు. బాషా "సరే అన్నా" అని పెట్టేశాడు. ఆ సబబుని ఏం చేసుకోవాలో అతనికి తెలియలేదు.

జూన్‌లో తొలకరికి ముందు యలమంద కౌలు చేను వదిలేశాడు. హైదరాబాదులో ఏదో అపార్టుమెంటుకి వాచ్‌మన్ కావాలంటే వెళ్తున్నాడని తెలిసి, బాషా బస్సు దగ్గరికి వెళ్లాడు.

"ఆ రోజు మైకులో అడిగావుగా" అన్నాడు యలమంద.

"అడిగాను. ఆయన చెప్పలేదుగా."

"చెప్పడని నాకు తెలుసు. అందుకే వెళ్లిపోయా. నిన్ను కొడుతుంటే చూడలేక." అతను సంచి ఎత్తుకున్నాడు. "రాజ్యం ఇక్కడే ఉంటుంది. మా సొంత ముక్క వదలనంటోంది. కాస్త చూస్తుండరా."

వారం తిరక్కుండా రాజ్యం పిలిచింది. పర్చూరులో విత్తనాల కొట్టు ముందు మనుషుల వరస రోడ్డు దాకా ఉంది. ఎండ మాడ్చేస్తోంది. ఆమె కొంగు తల మీదికి లాక్కుని, "ఏ ప్యాకెట్ కొనమంటావన్నా? నీకు పేపరు చదివే అలవాటుంది గదా" అంది.

కొట్టు గోడల మీద ఎర్రెర్రటి మిరపకాయల బొమ్మలు. ఒకదాన్ని మించి ఒకటి. బాషా అన్నీ చదివాడు. ఏది కాస్తుందో, ఏది కాయదో, కాయకపోతే ఎవరిని పట్టుకోవాలో అందులో ఎక్కడా లేదు.

"తెలీదమ్మా. నిజంగా తెలీదు" అన్నాడు. "ఏది కొన్నా రసీదు అడుగు. ఇవ్వనంటే ఇచ్చేదాకా ఇక్కణ్నుంచి కదలొద్దు. నేనుంటాను."

ఆమె తల ఊపింది. వరస ఒక మనిషి మేర ముందుకు జరిగింది. ఇద్దరూ జరిగారు.